సాయంత్రం ఆరింటి గంట: బీబీసీ 'టునైట్' నుంచి 'ది వన్ షో' దాకా

క్లుప్తంగా: 1957 దాకా బ్రిటన్‌లో సాయంత్రం 6 నుంచి 7 వరకు టీవీ ప్రసారాలు ఉండేవి కావు. ఆ నిబంధన తీసేశాక ఖాళీగా మిగిలిన గంటలో బీబీసీ మొదలుపెట్టిన 'టునైట్', వార్తనూ ఇంటర్వ్యూనూ వినోదాన్నీ ఒకే చోట కలిపి కొత్త పద్ధతిని తెచ్చింది. 'నేషన్‌వైడ్' దాన్ని దేశమంతటికీ విస్తరించింది. 1983 తర్వాత వార్తలు ఒక దిక్కుకు, కబుర్లు మరో దిక్కుకు వెళ్లాయి. నాయకులను మామూలు ప్రేక్షకుల ముందు గట్టిగా అడిగే చోటు సాయంత్రం వేళ లేకుండా పోయింది.

2017 మే నెల. బ్రిటన్‌లో పార్లమెంటు ఎన్నికలకు నెల రోజులే ఉంది. ప్రధాని థెరెసా మే తన భర్త ఫిలిప్‌తో కలిసి బీబీసీ 'ది వన్ షో'లో సోఫా మీద కూర్చున్నారు. ఇంట్లో చెత్తడబ్బా బయట పెట్టే పని ఎవరిదన్న దాకా మాటలు సాగాయి. దేశ భవిష్యత్తు మీద ఓటు అడుగుతున్న నాయకురాలిని అడగాల్సినవి ఇవేనా అన్న చర్చ వెంటనే మొదలైంది.

అదే బీబీసీలో, ఇంచుమించు అదే వేళలో వచ్చే 'నేషన్‌వైడ్' కార్యక్రమంలో, 34 ఏళ్ల ముందు మరో ప్రధానిని ఒక సాధారణ పౌరురాలు యుద్ధం గురించి నిలదీశారు. అప్పుడూ ఎన్నికలే, అప్పుడూ మే నెలే. ఈ రెండు కార్యక్రమాలూ ఒకే వంశానివి. వంశం ఒకటే అయినా నడత ఇంతగా మారడానికి కారణం యాంకర్ల తెలివితేటల్లో లేదు. ఆ గంటను ఎవరికి ఇచ్చారు, ఎవరు నడిపారు, ఏ ఒత్తిడి మీద మార్చారు అన్న దాంట్లో ఉంది.

పిల్లలు పడుకోవడానికి మూసిన గంట

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో టీవీ అంటే బీబీసీ ఒక్కటే. పిల్లల కార్యక్రమాలు ఆరింటికి అయిపోయేవి. పెద్దల కార్యక్రమాలు ఏడింటికి మొదలయ్యేవి. మధ్యలో గంటసేపు తెర ఖాళీ. తల్లులు పిల్లలను పడుకోబెట్టుకోవడానికి వీలుగా ఉంటుందని దీనికి చెప్పిన కారణం. 'టాడ్లర్స్ ట్రూస్' అని పిలిచే ఈ ఏర్పాటు మీద అప్పట్లో ఎవరికీ పెద్దగా ఫిర్యాదు లేదు, ఎందుకంటే పోటీ ఛానల్ లేదు.

1955 సెప్టెంబరు 22న ఐటీవీ వచ్చాక లెక్క మారిపోయింది. ఐటీవీ కంపెనీలు ప్రకటనల మీద బతికేవి. ఉద్యోగాల నుంచి జనం ఇళ్లకు చేరే గంట మూసి ఉండటమంటే వాటికి అమ్ముకోదగ్గ గంటలో అమ్మకం లేకపోవడమే. పైగా మొదటి ఏడాది ఆ కంపెనీలు భారీ నష్టాల్లో ఉన్నాయి. బీబీసీకి ఇందులో తొందరేమీ లేదు. టీవీ ఉన్న ఇళ్లవాళ్లు కట్టే లైసెన్సు ఫీజు మీద నడిచే సంస్థకు అదనపు గంట అంటే అదనపు ఖర్చే తప్ప అదనపు ఆదాయం కాదు. పోటీదారుడికి ఆ గంట అందకపోవడం దానికి నష్టమూ కాదు.

నిర్ణయం ప్రభుత్వం చేతిలో ఉండేది. ప్రసారాల వ్యవహారం చూసే మంత్రి, అప్పటి పోస్ట్‌మాస్టర్ జనరల్ చార్లెస్ హిల్ స్వయంగా వైద్యుడు, యుద్ధకాలంలో బీబీసీ రేడియోలో 'రేడియో డాక్టర్'గా ఇంటింటికీ తెలిసిన గొంతు. పిల్లలను ఎప్పుడు పడుకోబెట్టాలన్నది తల్లిదండ్రులు చూసుకోవాల్సిన సంగతి, సర్కారుకు దాంతో పని లేదు అన్నది ఆయన వాదన. చివరికి నిబంధన పూర్తిగా ఎత్తేశారు. 1957 ఫిబ్రవరి 16, శనివారం నాడు బీబీసీ ఆ గంటలో కుర్రకారు కోసం 'సిక్స్-ఫైవ్ స్పెషల్' అనే పాటల కార్యక్రమం పెట్టింది. సోమవారం, 18న, సాయంత్రం 6 గంటల 5 నిమిషాలకు 'టునైట్' మొదలైంది. ఆదివారం సాయంత్రం మాత్రం చర్చి వేళ కాబట్టి ఇంకా కొంతకాలం వేరే నియమాలే నడిచాయి.

అదే సమయంలో మరో తలుపు కూడా తెరుచుకుంది. పార్లమెంటులో రెండు వారాల్లో చర్చకు రాబోయే విషయాన్ని రేడియో, టీవీ ముందుగా చర్చించకూడదన్న 'పద్నాలుగు రోజుల నియమం' అప్పటిదాకా ఉండేది. సూయజ్ కాలువ కోసం బ్రిటన్ ఈజిప్టు మీద యుద్ధానికి దిగిన 1956 నాటి సంక్షోభంలో అది ఎంత అసంబద్ధమో అందరికీ కనిపించింది. దేశం యుద్ధం గురించి మాట్లాడుకుంటుంటే టీవీ మాత్రం నోరు మూసుకోవాల్సి వచ్చింది. 1956 చివర్లో ఆ నియమాన్ని పక్కన పెట్టారు. కొద్ది వారాలకే 'టునైట్' వచ్చింది. గంట దొరకడం ఎంత ముఖ్యమో, ఆ గంటలో రోజువారీ రాజకీయం మాట్లాడే స్వేచ్ఛ దొరకడమూ అంతే ముఖ్యం. ఈ రెండో సంగతిని చాలా కథనాలు వదిలేస్తుంటాయి.

ఎవరు ఎప్పుడు చూస్తారో చూసి కట్టిన కార్యక్రమం

'టునైట్' శూన్యంలోంచి ఊడిపడలేదు. ఐటీవీకి పోటీగా 1955లో బీబీసీ 'హైలైట్' అనే చిన్న ఇంటర్వ్యూ కార్యక్రమం నడిపింది. దాన్ని చేసిన కుర్ర నిర్మాతలు డోనాల్డ్ బేవర్‌స్టాక్, అలస్డైర్ మిల్న్. వాళ్ల వెనక నిలబడిన అధికారి గ్రేస్ విండమ్ గోల్డీ. బ్రిటిష్ టీవీలో రాజకీయ చర్చకు రూపం ఇచ్చిన మనిషిగా ఆమెకు దక్కాల్సినంత పేరు ఇప్పటికీ దక్కలేదు.

బేవర్‌స్టాక్ బృందం ముందు చూసింది ప్రేక్షకుడి సాయంత్రాన్ని. ఆరింటికి ఇల్లు ఎలా ఉంటుంది? ఒకరు పని నుంచి అప్పుడే వస్తారు, ఒకరు వంటింట్లో ఉంటారు, పిల్లలు అటూ ఇటూ తిరుగుతుంటారు. నలభై నిమిషాలు కదలకుండా కూర్చునేవాళ్లు ఎవరూ ఉండరు. కాబట్టి ఏ నిమిషంలో వచ్చి కూర్చున్నా అర్థమయ్యేలా చిన్న చిన్న అంశాలుగా కార్యక్రమాన్ని కోశారు. మంత్రితో ఇంటర్వ్యూ, వెంటనే ఒక ఊళ్లో వింత తగాదా మీద ఫిల్ము, ఆపైన ఒక పాట. రచ్చబండ దగ్గర కబుర్లు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి జారినట్టు సాగేది.

అంశాలు చిన్నవైనా ప్రశ్నలు చిన్నవి కావు. అప్పటిదాకా టీవీలో మంత్రిని ప్రశ్నించడమంటే ఆయన చెప్పదలచుకున్నది చెప్పడానికి వీలుగా పీట వేయడమే. ఐటీవీ వార్తా విభాగం ఐటీఎన్‌లో రాబిన్ డే లాంటివాళ్లు ఆ మర్యాదను అప్పటికే పక్కన పెట్టడం మొదలుపెట్టారు. 'టునైట్' దాన్ని రోజువారీ అలవాటుగా మార్చింది. ఇంటర్వ్యూ చేసేవాడు అధికారం పక్షాన కాక ప్రేక్షకుడి పక్షాన నిలబడాలన్నది బృందం పెట్టుకున్న నియమం. అది టీవీ తెచ్చిన అసలైన మార్పు. ఆ తర్వాత వచ్చిన సాయంత్రపు కార్యక్రమాలన్నిటినీ దీంతోనే కొలవాలి.

యాంకర్ క్లిఫ్ మిచెల్‌మోర్‌కు మేధావి గొప్పలు లేవు. ఒక్కోసారి బల్ల అంచు మీద కూర్చుని మాట్లాడేవాడు. ప్రసారం అంతా లైవ్. ఫిల్ము తెగినా, ఇంకేం తిరగబడినా కంగారు కనిపించనివ్వకుండా జనంతో మాటలు కలిపేవాడు. మొదట్లో స్టూడియో కూడా పెద్దదేమీ కాదు, కెన్సింగ్టన్‌లో ఒక ఇరుకు గది. తర్వాతే లండన్‌లోని బీబీసీ లైమ్ గ్రోవ్ స్టూడియోలకు మారారు.

విలేకరులు ఎక్కడి నుంచి వచ్చారన్నది ఆసక్తికరమైన సంగతి. ఫొటోలతో కథనాలు వేసే ప్రఖ్యాత వారపత్రిక 'పిక్చర్ పోస్ట్' సరిగ్గా 1957లోనే మూతపడింది. జనం బొమ్మల కోసం టీవీ వైపు మళ్లడం దానికి ఒక ముఖ్య కారణం. అక్కడ పనిచేసిన ఫైఫ్ రాబర్ట్‌సన్, ట్రెవర్ ఫిల్‌పాట్ లాంటివాళ్లు 'టునైట్'లో కనిపించారు. ఫొటోగ్రాఫర్ స్లిమ్ హెవిట్ సినిమా కెమెరా పట్టుకున్నాడు. వీధిలోకి వెళ్లి మామూలు మనిషిని కథలో మధ్యన నిలబెట్టే నేర్పు పత్రిక నుంచి టీవీకి నేరుగా దిగుమతి అయింది. వీళ్లతో పాటు అలన్ వికర్ ఉన్నాడు. ఆయన ప్రయాణ కథనాలు తర్వాత సొంత కార్యక్రమంగా దశాబ్దాలు నడిచాయి.

సై గ్రాంట్ గురించి విడిగా చెప్పాలి. గయానాలో పుట్టాడు. యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో నావిగేటర్‌గా పనిచేశాడు. 1943లో విమానం కూలి రెండేళ్లు జర్మన్ల ఖైదులో ఉన్నాడు. యుద్ధం అయ్యాక బారిస్టర్ చదివాడు గానీ నల్లవాడికి ఆ వృత్తిలో చోటు దొరకలేదు. గొంతు, గిటారు నమ్ముకున్నాడు. 'టునైట్'లో ఆ రోజు వార్తలను కరీబియన్ దీవుల కలిప్సో బాణీలో పాడేవాడు. చాలా పాటలకు మాటలు రాసింది పాత్రికేయుడు బెర్నార్డ్ లెవిన్. బ్రిటిష్ టీవీలో క్రమం తప్పకుండా కనిపించిన తొలి నల్లజాతి ముఖం ఆయనదే. వలస వచ్చినవాళ్ల మీద లండన్‌లో దాడులు జరిగిన 1958లో కూడా ఆయన ఇళ్లలోని తెరల మీద కనిపిస్తూనే ఉన్నాడు. కలిప్సో గాయకుడన్న ముద్రే మిగిలిపోతుందని చివరికి తానే తప్పుకున్నాడు.

ఎందుకు ఆగింది

1965 జూన్ 18న 'టునైట్' ముగిసింది. జనం తిప్పికొట్టి కాదు. కార్యక్రమం తయారుచేసిన మనుషులు పైకి వెళ్లిపోయారు, కొందరు బయటికి వెళ్లారు. ఆ బృందంలోంచే 1962లో నెడ్ షెరిన్ వారాంతపు వ్యంగ్య కార్యక్రమం పెట్టి సంచలనం చేశాడు. ఇంటర్వ్యూలు చేసిన జెఫ్రీ జాన్సన్ స్మిత్ 1959లోనే కన్జర్వేటివ్ ఎంపీ అయ్యాడు. వర్తమాన వ్యవహారాల కార్యక్రమాన్ని రాత్రి పూటకు జరిపితే ఆ రోజు పరిణామాలన్నీ పట్టుకోవచ్చని బీబీసీ లెక్క వేసింది. 'ట్వెంటీ-ఫోర్ అవర్స్' అలా వచ్చింది.

లెక్క తప్పేమీ కాదు. కానీ రాత్రి పదిన్నరకు టీవీ ముందు కూర్చునేది రాజకీయం మీద ముందే ఆసక్తి ఉన్నవాళ్లు. సాయంత్రం ఆరింటికి వంటింట్లోంచి తొంగిచూసే మనిషి వేరు. ప్రేక్షకులు మారినప్పుడు ప్రశ్నల తీరు కూడా మారుతుంది.

నేషన్‌వైడ్: స్టూడియోలను కలిపిన తీగ

నాలుగేళ్ల విరామం తర్వాత, 1969 సెప్టెంబరు 9న, ఆరింటి గంటకు మళ్లీ ప్రాణం వచ్చింది. బీబీసీ తన ప్రాంతీయ కేంద్రాలను ఆ ఏడాది పునర్వ్యవస్థీకరించింది. వాటిని ఒక తాటి మీదికి తెచ్చే కార్యక్రమం కావాలి. అదే 'నేషన్‌వైడ్'. యాదృచ్ఛికమే గానీ, అప్పుడు బీబీసీ ఛైర్మన్ ఎవరో కాదు, మంత్రిగా ఆ గంటను తెరిపించిన చార్లెస్ హిల్.

దాని నడక ఇలా ఉండేది: లండన్ నుంచి పలకరింపు, తర్వాత ఒక్కో ప్రాంతానికి దాని సొంత వార్తలు, ఆపైన అందరూ మళ్లీ లండన్ తెర మీదికి. ఒకే అంశం మీద గ్లాస్గో, బ్రిస్టల్, నార్విచ్ స్టూడియోల నుంచి మనుషులను లైవ్‌లో కలిపేవారు. మైకేల్ బారెట్, ఆ తర్వాత ఫ్రాంక్ బాఫ్, స్యూ లాలీ నడిపారు. మొదట వారానికి మూడు రోజులే వచ్చేది, తర్వాత అయిదు రోజులయింది. లైన్లు తెగడం, ఒక ఊరు పిలిస్తే ఇంకో ఊరు పలకడం మామూలే.

ఈ కార్యక్రమాన్ని చాలామంది గుర్తు పెట్టుకున్నది స్కేట్‌బోర్డు ఎక్కిన బాతు కోసం. ఆ జ్ఞాపకం దానికి అన్యాయం చేస్తుంది. వినియోగదారుల మోసాల మీద పనిచేసిన 'వాచ్‌డాగ్' 1980లో ఇందులో భాగంగానే పుట్టింది, 1985లో విడి కార్యక్రమమై చాలా ఏళ్లు నడిచింది.

విమర్శ కూడా ఆ రోజుల్లోనే గట్టిగా వచ్చింది. షార్లెట్ బ్రన్స్‌డన్, డేవిడ్ మోర్లీ అనే పరిశోధకులు 1970లలో ఈ కార్యక్రమాన్ని వరస పెట్టి విశ్లేషించారు. దేశమంటే కుటుంబాల కూర్పు అన్నట్టు చూపిస్తుందని, సమ్మె అయినా బడ్జెట్ అయినా ఇంటి ఖర్చు సమస్యగా మార్చేస్తుందని, దాంతో వర్గ తేడాలు కనుమరుగవుతాయని వాళ్లు చూపించారు. మోర్లీ ఇంకో అడుగు వేసి, బ్యాంకు మేనేజర్లు, అప్రెంటిస్‌లు, కార్మిక సంఘాల వాళ్లు, విద్యార్థులు ఇలా 29 బృందాలకు కార్యక్రమం చూపించి మాట్లాడించాడు. ఒకే కార్యక్రమాన్ని ఒక్కో బృందం ఒక్కోలా అర్థం చేసుకుంది. తెర మీద చెప్పింది చెప్పినట్టే జనం బుర్రలోకి వెళ్తుందన్న నమ్మకాన్ని ఆ పరిశోధన బాగా కదిలించింది. మీడియా చదువులో ఇప్పటికీ అది పునాది పాఠమే.

1983 మే 24: ఒక ప్రశ్న, వదలకుండా

ఫాక్లాండ్స్ దీవుల కోసం అర్జెంటీనాతో జరిగిన యుద్ధం అయిపోయి ఏడాది తిరగక ముందే బ్రిటన్‌లో ఎన్నికలు వచ్చాయి. ప్రధాని మార్గరెట్ థాచర్ ప్రేక్షకుల ప్రశ్నలకు జవాబు చెప్పడానికి 'నేషన్‌వైడ్'కు వచ్చారు. సైరన్‌సెస్టర్ నుంచి వచ్చిన టీచర్ డయానా గౌల్డ్ బ్రిస్టల్ స్టూడియోలో కూర్చుని అడిగారు: ఫాక్లాండ్స్ నుంచి దూరంగా వెళ్తున్న అర్జెంటీనా యుద్ధనౌక బెల్‌గ్రానోను ఎందుకు ముంచారు?

1982 మే 2న ఆ నౌకను బ్రిటిష్ జలాంతర్గామి ముంచేసింది. 323 మంది చనిపోయారు. అది దూరంగా వెళ్లడం లేదని, బ్రిటిష్ నౌకలకు ప్రమాదకరమైన చోట ఉందని థాచర్ బదులిచ్చారు. అక్కడితో అయిపోవాల్సింది. గౌల్డ్ వదల్లేదు. నౌక అప్పటికే ఫాక్లాండ్స్‌కు పశ్చిమాన ఉందని, 280 డిగ్రీల దిశలో వెళ్తోందని దిక్సూచి లెక్కతో సహా చెప్పారు. పెరూ ప్రతిపాదించిన శాంతి ఒప్పందం సంగతి కూడా తీశారు. ఆ ప్రతిపాదన లండన్‌కు చేరింది నౌక మునిగాకే అని థాచర్ చెప్పినా ప్రశ్నలు ఆగలేదు. యాంకర్ స్యూ లాలీ మధ్యలో దూరి ఆపలేదు. ఆ నిమిషాలు పని చేయడానికి సగం కారణం అదే.

వృత్తిగా ఇంటర్వ్యూలు చేసేవాళ్లకు ఒక ఇబ్బంది ఉంటుంది: రేపు మళ్లీ అదే మంత్రి కావాలి. గౌల్డ్‌కు ఆ టెన్షన్ లేదు. చదువుకుని వచ్చారు, లెక్క సరిచూసుకున్నారు, జవాబు అందలేదనిపిస్తే మళ్లీ అడిగారు. ప్రాంతీయ స్టూడియోను లండన్‌తో కలిపే ఆ తీగ లేకపోతే ఆమె గొంతు ప్రధానికి చేరేదే కాదు. పదమూడేళ్ల కిందట పరిపాలనా సౌకర్యం కోసం వేసిన ఏర్పాటు ఇలా పనికొచ్చింది.

ఎన్నికల్లో థాచర్ ఘనవిజయం సాధించారు. ఫలితాన్ని ఆ ప్రశ్న మార్చలేదు. కానీ బెల్‌గ్రానో వివాదం ఆ తర్వాత కూడా పార్లమెంటును వదలలేదు.

ఒక గంట, రెండు శాఖలు

ఆ ఎన్నికలు ముగిసిన రెండు నెలలకు, 1983 ఆగస్టు 5న, 'నేషన్‌వైడ్' ముగిసింది. థాచర్ ఆగ్రహమే కారణమని అనుకోవడం తేలిక. అసలు సమస్య బీబీసీ లోపలే ఉంది. వార్తల విభాగం ఒక భవనంలో, వర్తమాన వ్యవహారాల విభాగం లైమ్ గ్రోవ్‌లో. ఇద్దరి పద్ధతులు వేరు, ఇద్దరి అహాలు వేరు. రెండింటినీ కలిపి అక్టోబరులో 'సిక్స్టీ మినిట్స్' అనే కార్యక్రమం పెట్టారు. వార్తలు, ప్రాంతీయ వార్తలు, కథనాలు, ఇంటర్వ్యూలు అన్నీ అందులోనే. రెండు శాఖలూ కుదురుకోలేదు. 1984 జులైలో దాన్ని మూసేశారు. సెప్టెంబరు 3న 'సిక్స్ ఓ క్లాక్ న్యూస్' వచ్చింది, చదివింది స్యూ లాలీ, నికొలస్ విచెల్.

అప్పటి డైరెక్టర్ జనరల్ అలస్డైర్ మిల్న్. 'టునైట్'ను పుట్టించిన ఇద్దరిలో ఒకడు. ఆయన హయాంలోనే ఆ సంప్రదాయం ఆరింటి గంట నుంచి తప్పుకుంది. 1987 జనవరిలో ఆయననూ పాలకమండలి సాగనంపింది.

కొత్త బులెటిన్ మంచి వార్తా కార్యక్రమమే. కానీ బులెటిన్‌లో నాయకుడి మాట కొన్ని సెకన్లకు కుదించుకుపోతుంది, పౌరుడు వీధిలో రెండు ముక్కలు చెప్పి మాయమవుతాడు. సుదీర్ఘ ఇంటర్వ్యూ రాత్రి పొద్దుపోయాక వచ్చే కార్యక్రమాలకు, పొద్దున్నే రేడియోకు వెళ్లిపోయింది.

ఆస్ట్రేలియా ఏం చేసింది

ఇది తప్పనిసరి పరిణామం కాదని చెప్పడానికి ఆస్ట్రేలియాను చూడాలి. అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ 1967లో 'టునైట్' నమూనాలో 'దిస్ డే టునైట్' మొదలుపెట్టింది. బిల్ పీచ్ నడిపాడు. పదకొండేళ్లు సాగింది. 1985లో ఏబీసీ కూడా బీబీసీ చేసిన ప్రయోగమే చేసింది: వార్తలనూ విశ్లేషణనూ 'ది నేషనల్' పేరుతో ఒకే పొట్లంలో కట్టింది. అదీ ఏడాది తిరక్కుండానే కూలింది.

కానీ ఆ తర్వాతి అడుగు వేరు. ఏబీసీ వార్తలను ఏడింటికి విడిగా పెట్టి, వాటి వెంటనే ఏడున్నరకు ఇంటర్వ్యూ, కథనాల కార్యక్రమాన్ని 1986లో మొదలుపెట్టింది. పేరు కూడా వేళే: 'ది 7.30 రిపోర్ట్'. ఇప్పుడు '7.30' అంటారు. భోజనాల వేళకు ప్రధానిని కూర్చోబెట్టి గట్టిగా అడిగే అలవాటు అక్కడ ఇంకా బతికే ఉంది. కెర్రీ ఓబ్రయన్, తర్వాత లీ సేల్స్ దాన్ని నిలబెట్టారు. రెండు శాఖలను ఒకే కార్యక్రమంలో కుక్కకుండా, ఒకదాని పక్కన ఒకటి ఉంచడం వల్ల ఏదీ రెండోదాన్ని మింగేయలేదు.

ఇప్పుడు మిగిలింది ఏమిటి

2006లో ప్రయోగంగా, 2007 నుంచి క్రమం తప్పకుండా వస్తున్న 'ది వన్ షో' రాత్రి ఏడింటికి 'టునైట్' రూపాన్ని చాలావరకు తిరిగి తెచ్చింది. చిన్న అంశాలు, అతిథులు, ఊళ్ల కథలు, లైవ్ ప్రసారం అన్నీ ఉన్నాయి. లేనిది ప్రేక్షకుడి పక్షాన నిలబడే ఇంటర్వ్యూ. నాయకుడు అక్కడికి అతిథిగా వస్తాడు, అతిథి మర్యాదే జరుగుతుంది. ఎన్నికల బృందాలకు ఈ తేడా బాగా తెలుసు. లక్షల మంది చూసే మెత్తని సోఫా ఒక పక్క ఉండగా రాత్రిపూట కఠినమైన కుర్చీకి వెళ్లాల్సిన అవసరం ఏమిటని వాళ్లు అడుగుతారు. 2019 ఎన్నికల్లో ప్రధాని బోరిస్ జాన్సన్, గట్టిగా ప్రశ్నిస్తాడని పేరున్న బీబీసీ ఇంటర్వ్యూయర్ ఆండ్రూ నీల్‌కు ఇంటర్వ్యూ ఇవ్వకుండానే గెలిచిన తర్వాత ఆ ధైర్యం ఇంకా పెరిగింది.

బీబీసీ ఏ నియమాల మీద నడవాలో చెప్పే ప్రస్తుత రాయల్ చార్టర్ 2027 డిసెంబరు 31తో ముగుస్తుంది. లైసెన్సు ఫీజు కొనసాగాలా, ఏ రూపంలో అన్న చర్చంతా డబ్బు చుట్టూనే తిరుగుతోంది. ప్రాంతీయ వార్తలు ఇప్పటికీ ఆరున్నరకు వస్తున్నాయి, ప్రాంతీయ స్టూడియోలు ఇంకా ఉన్నాయి, వాటిని లండన్‌తో కలపడం 1983లో కన్నా ఇప్పుడు ఎంతో సులువు. ఎన్నికల వేళ ప్రధాని పదవికి పోటీ పడే ప్రతి ఒక్కరూ సాయంత్రం ప్రేక్షకుల ప్రశ్నలకు, ఎదురు ప్రశ్నలతో సహా, జవాబు చెప్పే ఏర్పాటును చార్టర్ చర్చలోనే అడగాలి. దానికి కొత్త ఛానల్ అక్కర్లేదు, కొత్త సాంకేతికతా అక్కర్లేదు. అడిగినవాళ్లకు రెండోసారి అడిగే సమయం ఇస్తే చాలు.